ఐదోసారికే తెగిన కేస్: మందు మెడకు, జబ్బు నడుముకు

రెండేళ్ల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం నా ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది. అరచేతిలో ఇత్తడి ముక్క, అంగుళంలో మూడో వంతు కూడా లేదు, పై అంచు చిరిగిన కాగితంలా ఉంది. కింద రెండే వాక్యాలు: "అన్నా, ఇదేంటో చూడు. ముందు సగం గన్‌లోనే ఉండిపోయింది."

పంపిన తమ్ముడిది కరీంనగర్. డాలస్ శివార్లలో ఉంటాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకు రెండుసార్లు రేంజ్‌కి వెళ్లి .308 విన్‌చెస్టర్ బోల్ట్ రైఫిల్‌తో 600 గజాల టార్గెట్ కొడతాడు. తూటాలు తనే రీలోడ్ చేసుకుంటాడు. నాది మెషిన్ షాప్ ఉద్యోగం, రీలోడింగ్‌లో పద్నాలుగేళ్ల అనుభవం. అందుకని ఇలాంటి ఫొటోలు నాకు వస్తుంటాయి. ఈసారి ఫొటోతో పాటు కారణం కూడా అతనే రాసి పంపాడు: "బ్రాస్ గట్టిపడిపోయింది. అనీలింగ్ సరిపోవట్లేదు. మెషిన్ టైమింగ్ పెంచుతా."

అనీలింగ్ అంటే గట్టిపడిన ఇత్తడిని కాల్చి మెత్తబరచడం, టైమింగ్ అంటే మెషిన్ దాన్ని కాల్చే సమయం. నేను వెంటనే ఫోన్ చేసి, టైమింగ్ ముట్టుకోవద్దని చెప్పాను. వచ్చే శనివారం కేసులన్నీ, డై, ప్రెస్, రైఫిల్, అతని ఎక్సెల్ షీట్ పట్టుకుని రమ్మన్నాను.

ఈ పని తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. తూటాలో నాలుగు భాగాలుంటాయి: బులెట్, మందు, ఆ మందును అంటించే ప్రైమర్, వీటిని పట్టి ఉంచే ఇత్తడి కేస్. కాల్చాక మొదటి మూడూ పోతాయి, కేస్ మిగులుతుంది. దాన్ని ప్రెస్‌తో డై అనే ఉక్కు అచ్చులో నొక్కి మళ్లీ కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, మందు, బులెట్ పెట్టి వాడుకోవడమే రీలోడింగ్. అమెరికాలో ఇది లక్షలమంది చేసే హాబీ. మంచి కంపెనీ .308 కేస్ కొత్తది కొంటే ఒక్కోటి డాలరు దాటుతుంది, కాబట్టి ఒక కేస్ ఎన్నిసార్లు పనిచేస్తుందన్నది జేబుకు సంబంధించిన ప్రశ్న. కేస్‌ను మనిషి ఒంటిలా చెప్పుకుంటాం. బులెట్‌ను పట్టుకునేది మెడ, దాని కింద ఏటవాలుగా ఉండేది భుజం, ఆ కింద నడుము, చివర ప్రైమర్ కూర్చునే మందపాటి అడుగు. కొలతలన్నీ అంగుళంలో వెయ్యో వంతుల్లో ఉంటాయి. ఆ వెయ్యో వంతును థౌ అంటారు. తలవెంట్రుక మందం సుమారు మూడు థౌ.

శనివారం వచ్చాడు. ఒకే కంపెనీ, ఒకే లాట్, యాభై కేసులు, అన్నీ ఐదుసార్లు కాల్చినవి. ఒకటి తెగింది, నలభై తొమ్మిది ఉన్నాయి. ముందు భాగం చాంబర్‌లో, అంటే గన్‌లో తూటా కూర్చునే గదిలో, ఇరుక్కుపోతే రేంజ్‌లో ఎవరో విరిగిన కేస్ లాగే పనిముట్టు ఇచ్చారట, దాంతో బయటికి తీశాడు. కాల్చేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని ఉన్నాడు కాబట్టి నాకు కొంచెం టెన్షన్ తగ్గింది. కేస్ అడుగు దగ్గర తెగినప్పుడు వేడి గ్యాస్ వెనక్కి కూడా దారి వెతుక్కుంటుంది.

నేను మొదట చూసింది మెడలు. నలభై తొమ్మిదిలో ఒక్క మెడకీ పగులు లేదు. ఇత్తడి గట్టిపడి పెళుసైతే ముందు పోయేది మెడే. అది కాల్చినప్పుడు వ్యాకోచిస్తుంది, డైలో కుంచించుకుంటుంది, డై లోపలి ఎక్స్‌పాండర్ గుండు దాని గుండా లాగినప్పుడు మళ్లీ విప్పుకుంటుంది. కేస్‌లో అంత చాకిరీ ఇంకే భాగమూ చేయదు. అది చెక్కుచెదరలేదంటే అతని అనీలింగ్ బాగానే ఉందన్నమాట. "మరి తెగిందేంటన్నా?" అన్నాడు. తెగింది మెడ కాదు కదా, అన్నాను.

ఎక్సెల్ షీట్ తెరిచాం. సాఫ్ట్‌వేర్ మనిషి, అన్నీ రాసి పెట్టుకున్నాడు. అందులో "ట్రిమ్" అనే కాలమ్ దగ్గర నా వేలు ఆగింది. .308 కేస్ పొడవు 2.015 అంగుళాలు దాటకూడదు. దాటితే కోసి 2.005కి తెస్తాం. ఇతను ప్రతిసారీ ట్రిమ్ చేశాడు. ఒక్కసారి కూడా ఖాళీ లేదు.

"ప్రతిసారీ మూతి దగ్గర ఇత్తడి కోసి పారేస్తున్నావు. ఆ ఇత్తడి ఎక్కడి నుంచి వస్తోంది?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత తెగిన ముక్క వైపు చూశాడు.

కేస్ పొడవు పెరిగితే కొత్త ఇత్తడి ఎక్కడా పుట్టదు. ఎక్కడో పల్చబడితేనే ఇక్కడ పెరుగుతుంది. చెట్టు తొర్రలోకి చూసినట్టు కేస్ లోపలికి చూసి ఎక్కడో తేల్చుకోవాలి. దీనికి ఖరీదైన పనిముట్టు అక్కర్లేదు. ఒక పేపర్ క్లిప్ తిన్నగా చేసి, కొనను వంచి, సాన పట్టి, కేస్‌లోకి దింపి అడుగు నుంచి గోడ వెంట మెల్లగా పైకి లాగాలి. మంచి కేస్‌లో నున్నగా వస్తుంది. చెడిన కేస్‌లో అడుగుకు కొంచెం పైన కొన గాడిలో పడి తట్టుకుంటుంది. నలభై తొమ్మిదిలో ముప్పై ఒక్కటింటికి తట్టింది. వాటిలో సగానికి బయటి వైపు కూడా అదే ఎత్తులో మెరిసే సన్నని గీత, ఉంగరంలా చుట్టూ ఉంది.

ఒక కేస్‌ను వైస్‌లో బిగించి రంపంతో నిలువునా కోయించాను. లోపలి గాడి గోటికి అందేంత లోతు. ఫొటోలు వందసార్లు చూసినా రాని నమ్మకం అలా ఒకదాన్ని కోసి చూస్తే వస్తుంది. మొదటిసారి వచ్చిన ప్రతివాళ్లతో ఈ పని చేయిస్తాను.

ఇప్పుడు తప్పు రైఫిల్‌దా, డైదా? చాంబర్‌లో అదనపు జాగా ఉన్నా ఇదే జబ్బు వస్తుంది. చాంబర్ కొలత సరిచూసే గేజ్‌లతో చూశాం: .308కి గో గేజ్ 1.630 అంగుళాలు, నో-గో 1.634. గో మీద బోల్ట్ (చాంబర్‌ను వెనక నుంచి మూసే కడ్డీ) మూసుకుంది, నో-గో మీద మూసుకోలేదు. రైఫిల్ ఆరోగ్యంగా ఉంది. తర్వాత కాలిపర్‌కి కంపారేటర్ తగిలించి, అడుగు నుంచి భుజం దాకా కొలిచాం. కాల్చి అలాగే ఉంచిన పది కేసులు, అతని డైలో నొక్కిన పది కేసులు. రెండింటి సగటు తేడా ఎనిమిది థౌ. బోల్ట్ రైఫిల్‌కి ఒకటి లేదా రెండు చాలు.

అసలు విషయం ఈ ఎనిమిదిలోనే ఉంది. ఫైరింగ్ పిన్ ప్రైమర్‌ను కొట్టగానే కేస్ ముందుకు జరిగి భుజం చాంబర్‌కి ఆనుతుంది. భుజాన్ని ఎనిమిది థౌ వెనక్కి నొక్కి ఉంటే, అడుగుకీ బోల్ట్ ముఖానికీ మధ్య అంత ఖాళీ మిగులుతుంది. మందు అంటుకుని ఒత్తిడి లేచినప్పుడు (.308కి అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు) పల్చటి ముందు గోడ ఉబ్బి చాంబర్ గోడను గట్టిగా పట్టుకుంటుంది. మందపాటి అడుగు అలా పట్టుకోలేదు. అది వెనక్కి పోయి బోల్ట్‌కి తగిలి ఆగుతుంది. ముందు భాగం కదలదు, వెనక భాగం కదులుతుంది, మధ్యలో సాగేది ఆ సన్నని ఉంగరం ఒక్కటే. తర్వాత డైలో భుజాన్ని మళ్లీ వెనక్కి తోస్తే ఇత్తడి మెడలోకి జరిగి పొడవు పెరుగుతుంది. దాన్ని మనం ట్రిమ్ చేసి చెత్తలో వేస్తాం. కొత్త కేస్ మొదటిసారి సాగింది పక్కన పెట్టినా, తర్వాతి నాలుగుసార్లు ఎనిమిది చొప్పున ముప్పై రెండు థౌ. అదంతా ఒకే చోటి నుంచి లాగుకున్నాడు.

డై అలా ఎందుకు బిగించావు అంటే, డబ్బాలో వచ్చిన కాగితం చూపించాడు. కేస్ అడుగును పట్టుకునే షెల్ హోల్డర్‌కి తగిలేదాకా దించి, ఇంకో పావు తిప్పు తిప్పమని ఉంది. కాగితంలో తప్పు లేదు. ఆ సూచన పరమార్థం వేరు, అంతే. ఆ తూటా ఏ .308 రైఫిల్‌లోనైనా పట్టాలని వాళ్లు రాస్తారు, అంటే అందరికంటే బిగువైన చాంబర్‌ను దృష్టిలో పెట్టుకుని. నీ తూటా నీ ఒక్క రైఫిల్‌లో పడితే చాలు. రెడీమేడ్ చొక్కాకీ దర్జీ కుట్టిన చొక్కాకీ ఉన్న తేడా.

అనీలింగ్ గురించి చెప్పకుండా వదిలేస్తే అన్యాయం అవుతుంది. మాది జనగామ వైపు. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు కొట్టేవాళ్లను చిన్నప్పుడు చూశాను. కాసేపు కొడతారు, రేకు మొండికేస్తుంది, నిప్పుల్లో కాల్చి మళ్లీ కొడతారు. సుత్తి దెబ్బకు ఇత్తడి గట్టిపడుతుంది, కాకకు మెత్తబడుతుంది. కేస్ ఇత్తడి 70 శాతం రాగి, 30 శాతం తుత్తునాగం. దానికీ అదే ధర్మం. ఉక్కులా నీళ్లలో ముంచితే గట్టిపడుతుందన్న భయం ఇక్కడ లేదు, ముంచినా ముంచకపోయినా ఒకటే. కానీ పెంబర్తి రేకుకు లేని షరతు ఒకటి కేస్‌కి ఉంది: మెడ, భుజం మాత్రమే కాలాలి. అడుగు గట్టిగా ఉంటేనే ఆ ఒత్తిడి ఆగుతుంది. అడుగు మెత్తబడిన కేస్ ప్రాణానికే ప్రమాదం. అతను మెషిన్ టైమింగ్ పెంచుతానన్నప్పుడు నేను వెంటనే ఫోన్ చేసింది అందుకే. వేడి కిందికి దిగితే సాగే చోటే ఇంకా మెత్తబడేది. అతని మెషిన్‌ను కూడా పరీక్షించాం: మెడ లోపల 750 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర కరిగే రంగు, నడుము మీద 450 దగ్గర కరిగే రంగు పూసి. పైది కరిగింది, కిందిది అలాగే ఉంది. మెషిన్ తన పని తాను సరిగ్గానే చేస్తోంది.

ఇంకో చిన్న విషయం బయటపడింది. కేసులు అద్దాల్లా మెరుస్తున్నాయి. దేనితో తోమావంటే, వంటింట్లోని లోహాల పాలిష్ సీసా పేరు చెప్పాడు. వాసన చూస్తే అమ్మోనియా. ఇత్తడికి అది పగ. బ్రిటిష్ సైన్యం మన దేశంలో ఉన్న రోజుల్లో వానాకాలం తూటాలను గుర్రపుశాలల్లో దాచేవాళ్లు. వానలు వెలిశాక తీసి చూస్తే కేసులు పగిలి ఉండేవి. గుర్రాల మూత్రం నుంచి లేచిన అమ్మోనియా, తయారీలో ఇత్తడి లోపల మిగిలిన బిగువు, రెండూ కలిసి చేసిన పని అది. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ దాన్ని వివరించారు. ఇతని కేస్ తెగడానికి పాలిష్ కారణం కాదు, కానీ సీసా ఆ రోజే చెత్తబుట్టలోకి పోయింది. మా అమ్మమ్మ బిందెలకు వాడిన చింతపండే నయం. పులుపే కావాలంటే సిట్రిక్ యాసిడ్ చిటికెడు వేసిన నీళ్లు, పది నిమిషాలు, బాగా కడగడం. గంటలు నానబెడితే తుత్తునాగం కరిగి ఇత్తడి గులాబీ రంగుకి తిరుగుతుంది, అదీ మంచిది కాదు. కేసులు తోమిన నీళ్లలో ప్రైమర్ల సీసం ఉంటుంది కాబట్టి ఈ పని వంటింటి సింక్‌లో చేయవద్దు. ఈ ముక్క చెప్పినప్పుడు వాళ్లావిడ నా వైపే ఉంది.

మిగిలినవన్నీ పారేయమన్నాను. గాడి తట్టని పద్దెనిమిది ఉంచుకుంటానని బేరమాడాడు. అవి కూడా అదే డైలో అన్నేసార్లు నలిగినవే, గాడి ఇంకా తీగకు అందలేదంతే. ప్లయర్స్‌తో మూతులు నొక్కేసి తుక్కు డబ్బాలో వేశాం. నొక్కకుండా పారేస్తే ఎవరో ఒకరు ఏరుకుని వాడతారు.

తర్వాత కొత్త యాభై. అవి ఒకసారి కాల్చాక అసలు పని మొదలైంది. బోల్ట్ నుంచి ఫైరింగ్ పిన్, ఖాళీ కేస్‌ను బయటికి నెట్టే ఎజెక్టర్ తీసేశాం, స్ప్రింగ్ అడ్డు లేకుండా బోల్ట్ పిడి తన బరువుకే ఎలా పడుతుందో తెలియాలి కాబట్టి. డైని షెల్ హోల్డర్‌కి చాలా పైన పెట్టి, కొంచెం కొంచెం దించుతూ, ప్రతిసారీ కేస్ నొక్కి కొలవడం. డై మరలు అంగుళానికి పద్నాలుగు, అంటే పూర్తి తిప్పుకు 71 థౌ, పావు తిప్పుకు దాదాపు 18, ఒక్క థౌకి ఐదు డిగ్రీలు. గడియారంలో నిమిషం ముల్లు ఒక గీత జరిగితే ఆరు డిగ్రీలు. ఇంత సన్నని సర్దుబాటును చేతి అంచనాతో చేయబోతే ఎనిమిదే వస్తుంది. డై మీద మార్కర్‌తో గీత గీసుకున్నాడు.

మొదటి కొలతలకే కంగారుపడ్డాడు: "అన్నా, తగ్గాల్సింది పెరుగుతోంది!" అది మామూలే. డై ముందు నడుమును నొక్కుతుంది, నొక్కిన ఇత్తడి భుజాన్ని పైకి నెడుతుంది. ఇంకా దించాకే డై భుజాన్ని అందుకుని వెనక్కి తోస్తుంది. ఈ దశలో చాలామంది భయపడి ఒక్కసారిగా అర తిప్పు తిప్పేస్తారు, కథ మొదటికి వస్తుంది. ఓపిక పట్టాం. పిడి ఎక్కడా ఆగకుండా తనంతట తాను పడినప్పుడు కంపారేటర్ రెండు థౌ చూపించింది. అక్కడ లాక్ రింగ్ బిగించాం.

లూబ్ (డైలో నొక్కేముందు కేస్‌కి పూసే జిడ్డు) విషయంలో ఒక గంట పోయింది. ఒక కేస్‌కి ఎక్కువ, ఒక కేస్‌కి తక్కువ పూస్తే భుజం కొలత రెండు థౌ అటూ ఇటూ ఊగుతోంది. మనం పట్టాలనుకున్న లెక్కే రెండు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఒకే రకంగా పూసేదాకా చేయించాను.

మెడ కోసం మామూలు డై బదులు బుషింగ్ డై (మెడ కొలతకు తగ్గ ఉంగరం మార్చుకోగలిగేది) తీసుకున్నాడు. మామూలు డై మెడను అవసరానికి మించి నొక్కుతుంది, తర్వాత ఎక్స్‌పాండర్ గుండు దాన్ని తిరిగి విప్పుతుంది. రెండుసార్లు అనవసరపు చాకిరీ. బులెట్ పెట్టిన తూటా మెడ కొలత కంటే రెండు థౌ తక్కువ బుషింగ్ పెట్టాం. అనీలింగ్ ప్రతిసారీ కాకుండా మూడుసార్లకోసారి చేయమన్నాను. ప్రతిసారీ చేసేవాళ్లు ఉన్నారు, మెడ బిగువు ఒకేలా ఉంటుందని వాళ్ల వాదన. పోటీల్లో కొట్టేవాళ్లకి అది నిజమే కావచ్చు. కేస్ ఆయుష్షు కోసమైతే నా చేతిలో మూడుసార్లకోసారి చాలింది.

ఇక ప్రైమర్ గూడు. దానికి వైద్యం లేదు. ఒత్తిడి ఎక్కువైతే అడుగే వెడల్పై గూడు వదులవుతుంది, ఏ డై దాన్ని సరిచేయలేదు. ఇతను మాన్యువల్‌లో ఇచ్చిన గరిష్ఠ మందు కొలత అంచున కాలుస్తున్నాడు. కాస్త కిందికి దిగమంటే ముఖం చిన్నబుచ్చుకున్నాడు. కిందికి దిగి మళ్లీ పరీక్షించుకుంటే 600 గజాల దగ్గర గ్రూప్ (గుళ్లు దగ్గరదగ్గరగా పడే తీరు) ఏమీ పాడవలేదు, అతనే ఒప్పుకున్నాడు.

ఆ యాభై కేసుల లెక్క ఇప్పుడు పన్నెండోసారి దాకా వచ్చింది. అడుగు దగ్గర తెగినవి ఏమీ లేవు. ప్రతి మూడుసార్లకీ తీగతో తడిమాడు, గాడి తట్టలేదు. పదోసారి తర్వాత ఒకదాన్ని బలిచ్చి కోయించాను, లోపల గోడ నున్నగా ఉంది. మూడు కేసులు ప్రైమర్ గూడు వదులై పోయాయి. ఒకటి పదకొండోసారికి మెడ పగిలింది, దాని మూతి దగ్గర పాత గీత ఒకటి ఉంది, అక్కడి నుంచే చీలింది. మొత్తం పన్నెండుసార్లలో ట్రిమ్ మూడేసార్లు. నాకు అన్నిటికంటే నచ్చిన అంకె ఈ మూడు.

మధ్యలో ఒక పొరపాటు జరిగింది. రెండు బాగుంటే ఒకటి ఇంకా బాగుంటుందని ఆరోసారికి డైని ఐదు డిగ్రీలు ఎత్తాడు. జులై ఎండలో, ముప్పై రౌండ్లు వరసగా కాల్చాక, చాంబర్‌లో కాస్త మసి చేరాక బోల్ట్ బిగుసుకుంది. కొన్ని తూటాలు బలంగా తోస్తే గానీ మూసుకోలేదు. మళ్లీ రెండుకి దించాడు. ఆ రెండు దుబారా ఖర్చు కాదు, అవసరమైన ఖాళీ.

ఈ అంకెలు ఒక రైఫిల్‌వి, ఒక లాట్‌వి. సెమీ ఆటోమేటిక్‌లో రెండు థౌ పెట్టకూడదు, మూడు నుంచి ఐదు దాకా ఇవ్వాలి. బోల్ట్‌ను చేత్తో తోసేవాళ్లు అక్కడ లేరు, బిగువుంటే సరిగ్గా మూసుకోదు. అక్కడ కేస్ తొందరగా పోతుంది, ఒప్పుకోవాల్సిందే. మా క్లబ్‌లో ఒక పెద్దాయన దగ్గర మన ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసిన 2ఏ1 రైఫిల్ ఉంది, బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ వంశం, 7.62 నాటో తూటాది. దాని బోల్ట్ వెనక వైపు లాక్ అవుతుంది, పేలినప్పుడు బోల్టే కొంచెం నలిగి కేస్‌ను సాగనిస్తుంది. డై ఎంత చక్కగా సర్దినా ఆయన కేసులు మావాడి వాటితో పోటీపడలేవు. ఆయన తీగ కొక్కెం తాళాల గుత్తికే తగిలించుకుని తిరుగుతాడు.

మిగిలిన నలభై ఐదు కేసులు పదమూడోసారికి సిద్ధంగా ఉన్నాయి. పెట్టె మీద లాట్, కాల్చిన లెక్క, చివరి అనీలింగ్ తేదీ రాసి ఉన్నాయి. మొదటి లాట్‌లో కోసిన కేస్ అతని బెంచ్ మీద, అనీలింగ్ మెషిన్ పక్కనే పెట్టుకున్నాడు. మొన్న వాళ్ల ఆఫీస్ కుర్రాడొకడు కేస్ తెగిందని వచ్చి, ఏ అనీలింగ్ మెషిన్ కొనమంటారని అడిగాడట. మావాడు కాలిపర్ చేతికిచ్చి కూర్చోబెట్టాడు.